క్యాంపర్ ట్రైలర్ నీటి వ్యవస్థను గడ్డకట్టే చలికి సిద్ధం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాంపర్ ట్రైలర్‌ను, అంటే పడక, వంట, స్నానం వసతులున్న, వాహనం వెనక లాక్కెళ్లే బండిని చలికాలమంతా ఆరుబయట నిలిపి ఉంచేవారికి, లేదా వేడి సదుపాయం లేని షెడ్డులో పెట్టేవారికి సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ట్రైలర్‌తో వచ్చిన పుస్తకంలోని సూచనకూ ఇక్కడి మాటకూ తేడా కనిపిస్తే, పుస్తకాన్నే అనుసరించాలి. తయారీదారులు ఒక్కో నమూనాలో గొట్టాలను ఒక్కో రకంగా నడిపిస్తారు.

నీళ్లు గడ్డకడితే గొట్టాలు ఎందుకు పగులుతాయి?

నీరు మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు ఉంటే ఏ నష్టమూ జరగదు. చోటు లేకపోతే ప్లాస్టిక్కైనా ఇత్తడైనా లొంగక తప్పదు. సగం నీళ్లున్న సీసా ఫ్రీజర్‌లో క్షేమంగా ఉండి, అంచుదాకా నింపి బిరడా బిగించిన సీసా పగిలిపోయేది ఇందుకే. ట్రైలర్‌లో జరిగేది దీనికంటే కొంచెం చిక్కైన వ్యవహారం. గొట్టంలో ఒకచోట మంచు బిరడాలా ఏర్పడి, అది పెరుగుతున్నకొద్దీ తనకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నొక్కుతుంది. ఆ నీరు ఇంకా ద్రవంగానే ఉన్నా, దాని పీడనం గొట్టం తట్టుకోగల హద్దును సులభంగా దాటిపోతుంది. ట్రైలర్లలో ఎక్కువగా వాడే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాలు గది ఉష్ణోగ్రత వద్ద 160 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనానికి తయారైనవి. గడ్డకట్టే నీరు కలిగించే ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు ఉండగలదు. కాబట్టి మంచు కట్టిన చోటే పగులు కనిపించాలన్న నియమం లేదు.

పెక్స్ గొట్టానికి కొంత సాగే గుణం ఉండటం వల్ల ఒకటి రెండు సార్లు గడ్డకట్టినా అది తట్టుకోవచ్చు. అయితే దానిని కలిపే అతుకులు, కుళాయిల లోపలి భాగాలు, పంపు తల, టాయిలెట్ వాల్వు, ఫిల్టర్ గిన్నె ఇవేవీ సాగవు. పెక్స్ ఉంది కదా అన్న ధైర్యంతో నీళ్లు వదిలేసినవారికి వసంతంలో కనిపించేది ఈ చిన్న భాగాల పగుళ్లే.

ఎంత చలి పడితే ఈ పని చేయాలి?

నీరు సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. అయినా తెల్లవారుజామున ఒక గంటసేపు మైనస్ 1కి దిగి, పొద్దెక్కగానే పైకి వచ్చే వాతావరణంలో గోడల లోపలి గొట్టాలకు సాధారణంగా ప్రమాదం రాదు. ట్రైలర్‌లో నిలిచిన వెచ్చదనం వాటిని కొంతసేపు కాపాడుతుంది. ఉష్ణోగ్రత మైనస్ 3, మైనస్ 4కి పడిపోయి అనేక గంటలు అక్కడే నిలిచే రాత్రి మాత్రం వేరు. ముందుగా దెబ్బతినేవి బయటి షవరు, నేలకింద వేలాడే డ్రెయిన్ గొట్టాలు, బయటి నీటి కనెక్షన్ వెనకున్న వాల్వు. వాతావరణ సూచనలో గాలి తీవ్రత వల్ల మైనస్ 10లా అనిపిస్తుందని చెప్పినా, నీరు అసలు గాలి ఉష్ణోగ్రతకంటే కిందికి చల్లబడదు. గాలి చేసేదల్లా చల్లబడే వేగాన్ని పెంచడమే. అయితే గాలి ట్రైలర్ అడుగున తిరిగే చోట ఆ వేగమే కొంప ముంచుతుంది.

మొదటి గడ్డకట్టే రాత్రి వచ్చాక చూద్దామని ఆగడంకంటే, చివరి ప్రయాణం ముగిసిన వారంలోనే పని ముగించడం మేలు. పగటి వెలుగులో, చేతులు కొంకర్లు పోని వాతావరణంలో చేసే పనికి నాణ్యత ఎక్కువ.

ట్రైలర్‌లో నీరు ఎక్కడెక్కడ దాగి ఉంటుంది?

ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం తెలిసినవారికి మిగతా పనంతా సులువే. డ్రెయిన్లు తెరిచి, కుళాయిలు తిప్పి, నీరు ధార కట్టడం ఆగగానే ఖాళీ అయిందనుకోవడం సహజం. కాని వాలు లేని గొట్టంలో, మెలిక తిరిగిన గొట్టంలో, వాల్వు వెనక మూసుకుపోయిన కొసలో నీరు అలాగే నిలిచి ఉంటుంది. నష్టం చేసేది ఈ నీరే.

తాజా నీటి ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టం మొదటిది. పంపు నోటి దగ్గర ఉండే జల్లెడ గిన్నె పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్‌ది; చలికి ముందుగా చిట్లేవాటిలో ఇదొకటి. పంపులో నీటిని తోసే సాగే పొరను డయాఫ్రం అంటారు; దాని గదుల్లో కొద్దిగా నీరు ఎప్పుడూ మిగులుతుంది. పీడనం స్థిరంగా ఉండేందుకు కొన్ని ట్రైలర్లలో అమర్చే చిన్న అక్యుములేటర్ ట్యాంకు మరొకటి. బయటి గొట్టాన్ని తగిలించే చోట ఒక చెక్ వాల్వు ఉంటుంది. అది నీటిని లోపలికే రానిస్తుంది గనుక, దాని వెనకున్న నీరు తనంతట తాను బయటికి రాదు. బయటి షవరుకు వేడినీటి గొట్టం ఒకటి, చన్నీటి గొట్టం ఒకటి, మొత్తం రెండుంటాయి. చాలామంది ఒక్కటే తెరిచి వదిలేస్తారు. చేత్తో పట్టుకునే షవరు గొట్టం కిందికి వంగి వేలాడే చోట నీళ్లు నిలుస్తాయి. టాయిలెట్ పక్కన చేతి స్ప్రే ఉంటే దానిదీ అదే కథ.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది టాయిలెట్ ట్యాంకును లోపలి నుంచి కడిగే గొట్టం. దానికి బయట విడిగా ఒక నోరు ఉంటుంది. మురికి నీరు వెనక్కి రాకుండా గోడ లోపల, తరచుగా షవరు వెనక, ఎత్తులో ఒక ప్లాస్టిక్ వాల్వు అమరుస్తారు. ఈ గొట్టం తాగునీటి గొట్టాలతో కలవదు కాబట్టి పంపు నడిపి పోసే యాంటీఫ్రీజ్ (చలికి గొట్టాలు పగలకుండా కాపాడే ద్రవం) అక్కడికి చేరదు. అది పగిలిందన్న సంగతి గోడ తడిసి ఉబ్బేదాకా తెలియదు.

ట్రైలర్ కొన్న మొదటి ఏడాదే ఒక మధ్యాహ్నం అలమారా తలుపులన్నీ తెరిచి, టార్చి వెలుగులో ప్రతి గొట్టాన్నీ వెంబడించి ఒక కాగితం మీద గీసుకోవడం మంచిది. ఆ కాగితాన్ని పంపు పక్కన గోడకు అతికించి ఉంచితే ప్రతి ఏటా పనికొస్తుంది.

నీటిని ఖాళీ చేసే వరుస ఏమిటి?

ముందుగా వాటర్ హీటర్‌ను ఆపి, చల్లారనివ్వాలి. తర్వాత టాయిలెట్ ట్యాంకును, దాని వెనక వాడిన నీళ్ల ట్యాంకును నిర్ణీత డంపింగ్ స్థలంలో ఖాళీ చేసి కడగాలి. తాజా నీటి ట్యాంకు డ్రెయిన్ తెరిచి వదిలి, వేడి, చల్లని కుళాయిలన్నీ తెరవాలి. అప్పుడు నేలకింద ఉండే అడుగు డ్రెయిన్లను తెరవాలి. అవి మామూలుగా రెండు ఉంటాయి. ఎరుపు గొట్టం వేడినీటిది, నీలం గొట్టం చన్నీటిది. కుళాయిలు ముందుగా తెరవకపోతే గాలి లోపలికి రాక నీరు సగంలోనే ఆగిపోతుంది. చివరగా పంపును కొన్ని క్షణాలపాటు నడిపి అందులోని నీటిని బయటికి తోయాలి. డయాఫ్రం పంపు కాసేపు నీరు లేకుండా నడిచినా చెడిపోదు గాని, దాన్ని ఆన్ చేసి మరచిపోకూడదు.

ట్రైలర్ ముందువైపున్న జాకీని తిప్పి దాని మూతిని కొంత పైకి లేపి, తర్వాత కిందికి దించితే మూలల్లో నిలిచిన నీరు డ్రెయిన్ వైపు జారుతుంది. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టిన తర్వాతే ఈ పని చేయాలి.

వాటర్ హీటర్ విషయంలో ఏ జాగ్రత్తలు అవసరం?

మొత్తం పనిలో మనిషికి గాయమయ్యే అవకాశం ఉన్న ఘట్టం ఇదే కాబట్టి కొంత వివరంగా చెప్పుకోవాలి. గ్యాసు, విద్యుత్తు రెండూ ఆపి, నీరు పూర్తిగా చల్లారేదాకా కొన్ని గంటలు ఆగాలి. పంపు ఆపి, బయటి నీటి కనెక్షన్ తీసేసి, ఒక వేడినీటి కుళాయి తెరిచి లోపలి పీడనాన్ని పోనివ్వాలి. ఆ తర్వాత హీటర్ పైభాగంలోని ప్రెషర్ రిలీఫ్ వాల్వు మీటను ఎత్తి, బుస్సుమనే చప్పుడు గాని నీటి చిమ్ము గాని లేదని రూఢి చేసుకున్నాకే కింది డ్రెయిన్ మూతకు స్పానర్ వేయాలి. పీడనం ఉండగా మూత విప్పితే వేడినీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మూతకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి విప్పడం అలవాటు చేసుకోవాలి.

హీటర్ ట్యాంకు ఉక్కుదైతే డ్రెయిన్ మూతకే యానోడ్ కడ్డీ అమరి ఉంటుంది. మెగ్నీషియం లేదా అల్యూమినియంతో చేసిన ఈ కడ్డీ తాను కరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. దానిలో నాలుగింట మూడు వంతులు కరిగిపోయి ఉంటే కొత్తది వేయాలి. అల్యూమినియం ట్యాంకులకు మామూలుగా యానోడ్ ఉండదు, నైలాన్ మూత మాత్రమే ఉంటుంది. నైలాన్‌ది పీకి ఇత్తడి మూతో ఉక్కు కడ్డీయో బిగించడం మంచిది కాదు. నైలాన్ మరచుట్లు చెడిపోతే మూత మార్చుకుంటే సరిపోతుంది, కాని ట్యాంకు మరచుట్లు చెడిపోతే ట్యాంకే మార్చవలసి వస్తుంది.

నీరు పోయాక ట్యాంకు అడుగున ఒకటి రెండు లీటర్లు మిగులుతాయి, ఎందుకంటే డ్రెయిన్ రంధ్రం సరిగ్గా అట్టడుగున ఉండదు. దాని గురించి బెంగ పడనవసరం లేదు. పైన కావలసినంత ఖాళీ ఉంది కాబట్టి అది గడ్డకట్టినా ట్యాంకుకు హాని చేయదు. అడుగున పేరుకున్న సున్నపు పొరను సన్నని కడ్డీ నోజల్‌తో కడిగేయడానికి మాత్రం ఇది మంచి సమయం.

హీటర్ స్విచ్‌ల మీద ఒక కాగితం అంటించి, నీరు లేదని పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి. విద్యుత్ ఎలిమెంట్ నీరు లేకుండా వెలిగితే క్షణాల్లో కాలిపోతుంది. వసంతంలో ట్రైలర్‌ను మొదట తెరిచేది మీ ఇంట్లో మరొకరు కావచ్చు.

హీటర్ బైపాస్ అంటే ఏమిటి, అది లేకపోతే ఏం చేయాలి?

హీటర్ వెనక భాగంలో ఒకటి, రెండు లేదా మూడు వాల్వులు ఉంటాయి. వాటిని సరిగా తిప్పితే నీరు హీటర్‌లోకి పోకుండా చన్నీటి గొట్టం నుంచి నేరుగా వేడినీటి గొట్టంలోకి దాటుతుంది. మూడు వాల్వుల అమరికలో హీటర్‌లోకి పోయేదీ, హీటర్ నుంచి వచ్చేదీ మూసి, మధ్యది తెరవాలి. ఇది మరచిపోతే చిన్న హీటర్ అయినా సుమారు 23 లీటర్లు, పెద్దదైతే 38 లీటర్ల యాంటీఫ్రీజ్ మింగుతుంది. చన్నీటి కుళాయిలో రంగు వచ్చినా వేడినీటి కుళాయిలో ఎంతకీ రాకపోతే బైపాస్ సరిగా తిరగలేదని అర్థం. పాత ట్రైలర్లలో బైపాస్ లేకపోతే, ఆ అమరికను విడిగా కొని బిగించుకోవడం ఒకటి రెండు చలికాలాల్లోనే గిట్టుబాటవుతుంది.

గాలితో ఊదడం మంచిదా, యాంటీఫ్రీజ్ పోయడం మంచిదా?

రెండు పద్ధతులూ పనిచేస్తాయి, రెండింటికీ లోపాలున్నాయి. గాలి పద్ధతిలో ఖర్చు తక్కువ, వసంతంలో కడుక్కునే పని దాదాపు ఉండదు, తాగునీటికి రుచి అంటుకోదు. కాని పల్లంలో ఉన్న గొట్టాల్లోని నీటి మీదుగా గాలి జారిపోతుంది. ఊదడం ఆపగానే గోడలకు అంటిన నీరు జారి పల్లంలో చేరుతుంది. ఆ కొద్ది నీరు వాల్వు గదిని నింపేంత ఉండవచ్చు. యాంటీఫ్రీజ్ ఆ చోటును తానే ఆక్రమిస్తుంది, పైగా రంగు వల్ల ఎక్కడిదాకా చేరిందో కంటికి కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత అప్పుడప్పుడు సున్నాకు కొద్దిగా దిగువకు పోయే ప్రాంతాల్లో శ్రద్ధగా ఊదితే చాలు. వారాల తరబడి గడ్డకట్టే చలి ఉండే చోట మాత్రం ముందు ఊది, తర్వాత యాంటీఫ్రీజ్ ఎక్కించడమే నా సలహా. ముందు ఊదడం వల్ల లోపలి నీరు యాంటీఫ్రీజ్‌ను పలుచన చేయదు, సరుకూ తక్కువ పడుతుంది. యాంటీఫ్రీజ్ పోసే ఓపిక ఉండి ఊదే ఓపిక లేనివారు కనీసం అడుగు డ్రెయిన్లను చివరి బొట్టు దాకా కారనివ్వాలి.

కంప్రెసర్‌తో ఊదేటప్పుడు పీడనం ఎంత ఉండాలి?

30 నుంచి 50 పీఎస్ఐ మధ్య ఉంచండి, 50 దాటనివ్వకండి. బయటి నీటి కనెక్షన్‌కు సరిపోయే ఊదుడు మూత (కంప్రెసర్ గాలి గొట్టాన్ని అక్కడ కలిపే మూత) తగిలించి, హీటర్‌ను బైపాస్‌లో పెట్టి, గాలి తెరవడానికి ముందే ఒక కుళాయి తెరిచి ఉంచాలి. అన్నీ మూసి గాలి ఎక్కిస్తే అతుకుల మీద ఒక్కసారిగా దెబ్బ పడుతుంది. ఒక్కో కుళాయిని దూరం నుంచి దగ్గరికి వరుసగా తెరిచి, నీటి చుక్కలు ఆగి పొడి గాలి వచ్చేదాకా ఊది మూసేసి, మొత్తం చుట్టూ తిరిగిన తర్వాత మరోసారి మొదటి నుంచి రావాలి. రెండో చుట్టులో వచ్చే నీటిని చూస్తే ఒక్క చుట్టు ఎందుకు చాలదో అర్థమవుతుంది.

పీడనంకంటే గాలి పరిమాణం ముఖ్యం. టైర్లలో గాలి నింపే చిన్న కంప్రెసర్ గేజీ మీద 50 చూపించినా, కుళాయి తెరవగానే దాని గాలి చాలక నీటిని తోయలేకపోతుంది. గాలి నిల్వ ట్యాంకు ఉన్నది కావాలి. నూనె వాడని కంప్రెసర్ అయితే తాగునీటి గొట్టాల్లోకి నూనె తుంపరలు చేరవు. టాయిలెట్ ట్యాంకు కడిగే గొట్టపు నోటికీ అదే మూత తగిలించి ఊదాలి, కాని అప్పుడు ఆ ట్యాంకు డ్రెయిన్ తెరిచే ఉంచాలి.

ఏ యాంటీఫ్రీజ్ వాడాలి? కారుది పనికిరాదా?

కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్‌ను తాగునీటి వ్యవస్థలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. అందులో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్; అది విషం. కొద్ది మోతాదే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, రుచికి తియ్యగా ఉండటం వల్ల పెంపుడు జంతువులు నాకే ప్రమాదం కూడా ఉంది. ట్రైలర్ల కోసం అమ్మేది ప్రాపైలిన్ గ్లైకాల్‌తో చేసినది. మామూలుగా గులాబీ రంగులో ఉంటుంది. అయితే రంగు చూసి కొనవద్దు. రంగు తయారీదారు ఇష్టం. డబ్బా మీద పదార్థం పేరు, తాగునీటి వ్యవస్థలకు వాడవచ్చన్న మాట చదివి కొనాలి.

చవకగా దొరికే కొన్నింటిలో ఇథనాల్ కలుస్తుంది. అది మండే గుణం కలది, పైగా రబ్బరు సీళ్లను ఎండబెడుతుంది. ప్రాపైలిన్ గ్లైకాల్ సీళ్లకు కొంత తడిని అందిస్తుంది కాబట్టి ధర కాస్త ఎక్కువైనా అదే కొనడం తెలివైన పని.

డబ్బా మీద మైనస్ 50 అని ఉంటుంది. అంత చలిదాకా అది గడ్డకట్టదా?

గడ్డకడుతుంది. ఆ 50 సాధారణంగా ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు మైనస్ 46 సెల్సియస్. అది గొట్టం పగలకుండా కాపాడే హద్దే గాని, ద్రవం ద్రవంగానే ఉండే హద్దు కాదు. ఈ రకం ద్రవం మైనస్ 10 సెల్సియస్ ప్రాంతంలోనే గుజ్జుగా మారడం మొదలుపెడుతుంది. గట్టి మంచులా కాకుండా మెత్తగా ఉంటుంది గనుక గొట్టంలో కదిలి, వ్యాకోచానికి దారి చూసుకుంటుంది. చలిలో ఒక కుళాయి తిప్పి చూసి గులాబీ గుజ్జు కనిపించిందని కంగారు పడనవసరం లేదు.

ఈ రక్షణ డబ్బాలోని గాఢతకే వర్తిస్తుంది. దానిలో నీరు కలిపి పెంచకూడదు. కాస్త నీరు కలిసినా హద్దు వేగంగా పైకి జరుగుతుంది. కుళాయిలో లేత గులాబీ కనిపించగానే మూసేయకుండా, డబ్బాలో ఉన్నంత చిక్కని రంగు వచ్చేదాకా పోనివ్వాలి. ఇంకా తీవ్రమైన చలి ఉన్న ప్రాంతాలకు ఎక్కువ గాఢత ఉన్న రకాలు దొరుకుతాయి. పోయినేడు గొట్టాల్లోంచి తీసిన ద్రవాన్ని దాచి మళ్లీ వాడటం పొదుపు కాదు, అందులో ఎంత నీరు కలిసిందో కంటికి తెలియదు.

పంపుతో యాంటీఫ్రీజ్ ఎలా ఎక్కించాలి?

చాలా ట్రైలర్లలో పంపుకు నీరు వచ్చే వైపున ఒక వాల్వూ, దానికొక చిన్న పీల్చే గొట్టమూ ఉంటాయి. వాల్వును తిప్పి, గొట్టం కొసను డబ్బాలో ముంచి, హీటర్ బైపాస్‌లో ఉందని, డ్రెయిన్లన్నీ మూసి ఉన్నాయని చూసుకుని పంపు ఆన్ చేయాలి. పీల్చే గొట్టం లేకపోతే పంపు వైపు గొట్టాన్ని విప్పి తాత్కాలికంగా ఒక ముక్క తగిలించవచ్చు.

పంపుకు దగ్గరగా ఉన్న కుళాయితో మొదలుపెట్టి దూరానికి వెళ్లండి. ఒక్కో కుళాయికి ముందు చల్లని వైపు, తర్వాత వేడి వైపు తెరవాలి. ఒకే మీట ఉన్న కుళాయిల్లో మీటను మధ్యలో పెట్టి రెండూ అయిపోయాయనుకోవడం పొరపాటు. రెండు కొసలకూ విడివిడిగా తిప్పాలి. షవరు, టాయిలెట్ ఫ్లష్, చేతి స్ప్రే, బయటి షవరు, బయటి వంటగది ఉంటే దాని కుళాయి, ఏదీ వదలకూడదు. అడుగు డ్రెయిన్లను ఒక్క క్షణం తెరిచి అక్కడ కూడా రంగు కనిపించేలా చేయాలి. హీటర్ బైపాస్‌లో ఉంటే మధ్యరకం ట్రైలర్‌కు 8 నుంచి 12 లీటర్లు సరిపోతాయి.

చివరగా బయటి నీటి కనెక్షన్. పంపు ఆపి, కుళాయి తెరిచి పీడనం తగ్గించాక, అక్కడి జల్లెడను తీసి లోపలి చెక్ వాల్వు నడిమి బొడిపెను మొద్దు కొస ఉన్న పుల్లతో నెమ్మదిగా నొక్కాలి. గులాబీ రంగు చిమ్మిందంటే ఆ మూల కూడా నిండిందన్నమాట. పీడనం తగ్గించకుండా నొక్కితే చిన్న వాషరు ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

తాజా నీటి ట్యాంకులోనే యాంటీఫ్రీజ్ పోసి పంపు నడపకూడదా?

పోయవచ్చు గాని వృథా. ట్యాంకు అడుగున పంపు పీల్చుకోలేని నీరు కొంత ఎప్పుడూ ఉంటుంది. అది యాంటీఫ్రీజ్‌ను పలుచన చేస్తుంది, సరుకు రెట్టింపు పడుతుంది, వసంతంలో ట్యాంకు రుచి పోగొట్టడానికి పదే పదే కడగాలి. ట్యాంకును ఖాళీ చేసి డ్రెయిన్ తెరిచి ఉంచితే చాలు.

సింకులు, టాయిలెట్, మురుగు ట్యాంకుల సంగతేమిటి?

సింకుల కింద, షవరు కింద వంపు తిరిగిన పీ-ట్రాప్‌లో నీరు దుర్వాసనను ఆపేందుకే నిలిచి ఉంటుంది. కుళాయిల నుంచి పోయిన యాంటీఫ్రీజ్‌తో అవి ఎలాగూ సగం నిండుతాయి. ఒక్కోదానిలో అదనంగా ఒక కప్పు పోస్తే నిశ్చింత. నీటికి బదులు రబ్బరు పొర వాల్వు ఉన్న కొత్త రకాలకు ఇది అవసరం లేదు. టాయిలెట్ గిన్నెలో కొద్దిగా నిలిచేలా పోస్తే అడుగు సీలు ఎండిపోకుండా ఉంటుంది. రెండు మురుగు ట్యాంకుల్లోనూ ఒక లీటరు చొప్పున చేరేలా చూస్తే, డ్రెయిన్ వాల్వు వద్ద నిలిచిన తడి గడ్డకట్టి వాల్వు బిగుసుకుపోదు.

ఫిల్టర్లు, వాషింగ్ మెషిన్, ఐస్ మేకర్, తక్షణ వాటర్ హీటర్ ఉంటే?

ఫిల్టర్ గుళికలను తీసి పారేసి, గిన్నెను ఖాళీ చేసి, వీలుంటే ఫిల్టర్‌ను కూడా బైపాస్ చేయాలి. యాంటీఫ్రీజ్ గుళికలోంచి పోతే గుళిక పాడవుతుంది, యాంటీఫ్రీజ్ కూడా సరిగా ముందుకు పోదు. వాషింగ్ మెషిన్‌లో నీటి వాల్వులూ, లోపలి పంపూ రెండూ తడిగా ఉంటాయి గనుక, వేడి, చల్లని వాల్వులు తెరుచుకునేలా రెండు రకాల వాష్‌లను కాసేపు నడిపి, ఆపై నీరు తోసేసే దశకు పంపాలి. ఐస్ మేకర్ గొట్టం సన్నగా, పొడవుగా ఉండి ఫ్రిజ్ వెనక గాలి తగిలే చోట ఉంటుంది. దాన్ని విప్పి ఊదడమే మేలు.

నిల్వ ట్యాంకు లేని తక్షణ హీటర్ల లోపల సన్నని రాగి చుట్టలుంటాయి. వాటిలో మిగిలిన ఒక గ్లాసు నీరు కూడా హీటర్‌ను పనికిరాకుండా చేయగలదు. కొన్నింటిలోకి యాంటీఫ్రీజ్ పంపమనీ, కొన్నింటిలోకి పంపవద్దనీ తయారీదారులే చెబుతారు కాబట్టి ఇక్కడ ఊహకు తావివ్వకుండా పుస్తకం తీసి చదవాలి.

చలికాలంలోనూ ట్రైలర్‌లో ఉంటే నీళ్లు వాడుకోవచ్చా?

ట్యాంకులన్నీ మూసిన అడుగు భాగంలో ఉండి, ఫర్నేసు వేడిగాలి అక్కడికి కూడా చేరే ట్రైలర్లలో వాడుకోవచ్చు. నాలుగు కాలాలకూ పనికొచ్చే ట్రైలర్ అన్న ప్రకటనను మాత్రం అక్షరాలా నమ్మకండి. ఆ మాటకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. గదిని విద్యుత్ హీటర్‌తో వెచ్చబెడితే మనుషులకు హాయిగా ఉంటుంది గాని, ఫర్నేసు ఆగిపోయి అడుగు భాగానికి వేడి అందదు. ఈ ఒక్క కారణంతో గడ్డకట్టే ట్రైలర్లు ఎన్నో. రాత్రిపూట అలమారా తలుపులు తెరిచి ఉంచండి. గోడ పక్క గొట్టాలకు గది వేడి తగులుతుంది.

బయటి గొట్టాన్ని వేడి తీగ చుట్టినదైతే తప్ప రాత్రంతా తగిలించి ఉంచవద్దు. పగలు తాజా ట్యాంకు నింపుకుని గొట్టం విప్పి పెట్టుకోవడం తేలిక. మురుగు వాల్వులను మూసి ఉంచి, ట్యాంకు నిండినప్పుడే ఒక్కసారిగా వదలాలి. తెరిచి ఉంచితే సన్నగా కారే నీరు గొట్టంలోనే పొరలు పొరలుగా గడ్డకడుతుంది. మరీ చలి ఉన్న రోజుల్లో గొట్టాలను యాంటీఫ్రీజ్‌తోనే ఉంచి, తాగడానికి డబ్బా నీళ్లు, టాయిలెట్‌కు యాంటీఫ్రీజ్ వాడుకునేవారూ ఉన్నారు. మధ్యలో ఒక్కరోజు కుళాయిలు వాడినా, తిరిగి నిలిపేటప్పుడు పనంతా మొదటి నుంచి చేయవలసిందే.

వసంతంలో మళ్లీ ఎలా వాడుకలోకి తేవాలి?

హీటర్‌ను ఇంకా బైపాస్‌లోనే ఉంచి, తాజా నీరు పంపి, ప్రతి కుళాయిలోనూ రంగు, నురగ పోయేదాకా కడగాలి. ఈ నీటిని నేల మీదికి కాకుండా మురుగు ట్యాంకులోకే పోనిచ్చి డంపింగ్ స్థలంలో వదలాలి. ఆ తర్వాత హీటర్ మూతను మరచుట్లకు టేపు చుట్టి బిగించి, బైపాస్ తిప్పి, ట్యాంకు నిండనివ్వాలి. వేడినీటి కుళాయిలో బుడబుడలు ఆగి నీరు నిలకడగా వచ్చాకే హీటర్ వెలిగించాలి.

క్రిమిరహితం చేయడానికి సువాసన కలపని మామూలు బ్లీచు చాలు. 5 శాతం గాఢత ఉన్న బ్లీచును ట్యాంకు పట్టే ప్రతి లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున లెక్కగట్టి, ముందుగా ఒక బకెట్టు నీటిలో కలిపి పోయాలి. అప్పుడు నీటిలో క్లోరిన్ లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. బ్లీచు గాఢత ఎక్కువైతే ఆ మేరకు తగ్గించాలి. అన్ని కుళాయిల్లోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, 4 గంటలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. కొత్త ఫిల్టర్ గుళికను ఆ తర్వాతే పెట్టాలి.

ఏదైనా పగిలిందేమో ఎలా తెలుసుకోవాలి?

బయటి నీటి కనెక్షన్‌తో కాకుండా ముందు పంపుతో పరీక్షించండి. పంపు ట్యాంకులో ఉన్నంతే వదులుతుంది, ఆపగానే ఆగుతుంది. బయటి గొట్టం తెరిస్తే నీరు ఎంతసేపైనా గోడల్లోకి పోతూనే ఉంటుంది. కుళాయిలన్నీ మూసి పంపు ఆన్ చేస్తే పీడనం నిండగానే అది ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తున్నా, ఆగి కొన్ని నిమిషాలకోసారి దానంతటదే చప్పుడు చేస్తున్నా ఎక్కడో నీరు పోతోందని అర్థం. ముందుగా పంపు జల్లెడ, బయటి షవరు, టాయిలెట్ వెనక వాల్వు, కుళాయిల కింది అతుకులు, హీటర్ వెనక బైపాస్ వాల్వులను పొడి కాగితంతో తుడిచి చూడాలి. అవన్నీ పొడిగా ఉండి పంపు ఇంకా చప్పుడు చేస్తుంటే, పంపు లోపలి చెక్ వాల్వు దగ్గర నీరు వెనక్కి ట్యాంకులోకి జారుతూ ఉండవచ్చు. పంపుతో అంతా బాగుందనిపించాక బయటి గొట్టాన్ని పీడనం తగ్గించే రెగ్యులేటర్‌తో తగిలించి ఆ కనెక్షన్‌ను, టాయిలెట్ ట్యాంకు కడిగే గొట్టాన్ని విడిగా పరీక్షించాలి, ఎందుకంటే ఆ రెండు చోట్లా ఉన్న పగులు పంపు పరీక్షలో బయటపడకపోవచ్చు.